నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు: నాలుగు నిండగానే ఎల్‌కేజీనా, ఒక ఏడాది ఆగడమా?

ఫిబ్రవరి వచ్చిందంటే ఈ ప్రశ్న మొదలవుతుంది. "మా బాబు 30 వారాలకే పుట్టాడు. నాలుగేళ్లు నిండుతున్నాయి గానీ అసలు కుదురు లేదు. ఎల్‌కేజీలో వేసేయాలా, ఆపాలా?" ఇప్పటికి ఏడెనిమిది మంది తల్లులు అడిగారు. కిందటేడు మా పాప విషయంలో నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

మా పాప డ్యూ డేట్ ఆగస్టు 9. పుట్టింది మే 27న, 29 వారాలకు, 1,150 గ్రాముల బరువుతో. స్కూలు వాళ్ల లెక్క ప్రకారం మే 31కి నాలుగేళ్లు నిండాలి. అంటే నాలుగు రోజుల తేడాతో గీత దాటేసింది. నెలలు నిండి పుట్టి ఉంటే కింది బ్యాచ్‌లో పెద్ద పిల్లల్లో ఒకతి అయ్యేది. ఇలా పుట్టినందుకు పై బ్యాచ్‌లో అందరికంటే చిన్నదవుతుంది. నా మటుకు నాకు నిర్ణయమంతా ఈ గీత దగ్గరే ఉంది. డాక్టర్లు మామూలుగా రెండేళ్ల దాకా డ్యూ డేట్ నుంచి వయసు లెక్కగట్టి, తర్వాత ఆ లెక్క మానేస్తారు. బరువుకీ నడకకీ అది చాలు. స్కూలు గీత దగ్గర మాత్రం రెండున్నర నెలలు కాస్తా ఒక ఏడాదైపోతాయి.

తరగతిలో చిన్నవాళ్లైతే ఏం కొంప మునుగుతుందని మా ఆయన అడిగారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో స్కూలు గీత డిసెంబర్ 31. అక్కడ 9 లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూసి 2012లో ఒక అధ్యయనం వేశారు. జనవరిలో పుట్టినవాళ్లతో పోలిస్తే డిసెంబర్‌లో పుట్టిన అబ్బాయిలకు డాక్టర్లు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేకపోవడమనే సమస్య) అని రాయడం 30 శాతం ఎక్కువ, అమ్మాయిలకైతే 70 శాతం. పక్క పిల్లాడికంటే పదకొండు నెలలు చిన్నవాడు వాడిలా కూర్చోలేకపోతే, దానికీ ఆ పేరే పడుతోందన్నమాట. అసలే 32 వారాల లోపు పుట్టిన పిల్లల్లో ఈ సమస్య రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువమందికి రాదు, అది వేరే మాట. కానీ ఉన్న భయానికి తోడు తరగతిలో చిన్నవాళ్లుగా కూడా కూర్చోబెట్టడం ఎందుకు?

ఇంకొకటి. నెలలు నిండని పిల్లల్లో తరచూ కనిపించేది అల్లరి కంటే పరధ్యానం. గోడలెక్కే పిల్లాణ్ని ఎవరైనా పట్టుకుంటారు. మా పాపకి "బూట్లు వేసుకుని, బ్యాగ్ తెచ్చుకుని రా" అంటే ఒక బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, గడప మీద చీమల్ని చూస్తూ ఉండిపోయేది. నర్సరీ టీచర్ కూడా "అల్లరేం చెయ్యదు మేడమ్, బంగారం. పిలిస్తేనే పలకదు" అన్నారు. నలభై మంది ఉన్న ఎల్‌కేజీలో ఇలాంటి బంగారాన్ని ఎవరూ పట్టించుకోరు. ముందు చెవులు, కళ్లు చూపించాం. ఇలాంటి పిల్లలకి ఆ రెండూ చూడకుండా ఏ నిర్ణయానికీ రాకండి.

అయితే ఆపడమే మేలని కళ్లు మూసుకుని చెప్పలేను. జర్మనీలోని బవేరియాలో ముందే పుట్టిన పిల్లల్నీ, నెలలు నిండి పుట్టినవాళ్లనీ కలిపి చూసి 2015లో ఒక అధ్యయనం వేశారు. ఏడాది ఆలస్యంగా స్కూల్లో చేరినవాళ్లకు మొదటి తరగతిలో టీచర్లిచ్చిన మార్కుల్లో లాభమేమీ కనిపించలేదు. ఎనిమిదో ఏట పెట్టిన పరీక్షల్లో చదవడం, రాయడం, లెక్కలు, ఏకాగ్రత, అన్నింట్లోనూ వెనకబడ్డారు. అప్పటికి వాళ్లకు ఒక ఏడాది చదువు తక్కువే మరి. నాకు అర్థమైందేంటంటే, ఆ ఏడాది పిల్లలు ఎక్కడ గడుపుతారన్నదే అసలు సంగతి. అమ్మమ్మ ఇంట్లో ఫోన్ ముందు గడిచేట్టయితే ఆపకండి, చేర్చేయండి.

మేం పాపని ఇంట్లో కూర్చోబెట్టలేదు. అదే స్కూల్లో మళ్లీ నర్సరీ చదివించాం. ఒక ఏడాది ఫీజు దండగ. మా అత్తగారు "నర్సరీలో కూడా ఫెయిల్ చేస్తారా అమ్మా?" అని నిజంగానే అడిగారు. ఫీజు భారమనుకుంటే అంగన్‌వాడీ ఉంది, ఆరేళ్ల లోపు పిల్లలకి ఆటలూ పాటలూ అక్కడా ఉంటాయి. జాతీయ విద్యా విధానం 2020 ఎలాగూ ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది కాబట్టి వెనకబడిపోతుందన్న టెన్షన్ నాకు లేదు.

పుట్టినరోజూ డ్యూ డేటూ గీతకి ఒకే వైపు పడితే నేనైతే ఆపను. అక్టోబర్‌లో పుట్టాల్సిన పిల్లాడు ఆగస్టులో పుడితే బ్యాచ్ మారదు. వాణ్ని చేర్చి, ముందు బెంచీ అడిగి, ఒకసారి ఒక పనే చెప్పమని టీచర్‌ని బతిమాలుకోవడం నయం.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఏడీహెచ్‌డీకి మందులు: అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం కూడా ఆరేళ్ల లోపు పిల్లలకి ముందు తల్లిదండ్రుల శిక్షణే, మందు ఆ తర్వాత. జ్ఞాపకశక్తి పొడులు, అబాకస్ క్లాసులు: డబ్బులెక్కువైతే. ఏడీహెచ్‌డీ అన్న అనుమానం బలంగా ఉంటే స్కూలుకి ఏడాది ఆగినా డాక్టర్ పరీక్ష మాత్రం ఆపొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద జిల్లా ఆసుపత్రుల్లో పెట్టిన డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందే పట్టుకుని చూసే) కేంద్రాల్లో ఉచితంగా చూస్తారు. వాళ్ల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది.

స్కూలు అప్లికేషన్‌లో డ్యూ డేట్ రాయడానికి గడి ఉండదు. డిశ్చార్జి కాగితం జిరాక్స్ తీసి జత చేయండి, ఎన్ని వారాలకు పుట్టిందో అందులో ఉంటుంది. మేం అదే చూపించి ఒప్పించాం. మా పాప వచ్చే జూన్‌లో ఎల్‌కేజీకి వెళ్తుంది. ఇప్పుడు రెండు బూట్లూ వేసుకునే గడప దాటుతోంది. బ్యాగ్ సంగతి మాత్రం ఇంకా నేనే గుర్తు చేస్తున్నాను.