విశాఖ ఎఫ్‌ఎంని కాపీ కొట్టాలా, సొంతంగా నడపాలా?

శ్రీకాకుళంలో కమ్యూనిటీ రేడియో (లాభం కోసం కాక, స్థానికుల కోసం నడిపే చిన్న స్టేషన్) పెట్టాలంటే ముందు వచ్చే సలహా ఇదే: విశాఖ ప్రైవేటు ఎఫ్‌ఎంలా నడిపేయండి!

ఖర్చు: కాపీ అయితే సినిమా పాటల లైసెన్సుకి. సొంతమైతే బస్సు ఛార్జీలకి, కళాకారులకి.

శ్రమ: కాపీ తేలిక. పాట, కబుర్లు, మళ్లీ పాట. సొంతమైతే ఊరూరా తిరగాలి, ఎడిటింగ్‌కి నిద్ర మానుకోవాలి.

రిస్కు: అసలు చిక్కు ఇక్కడే. ట్రాన్స్‌మిటర్ సాధారణంగా 100 వాట్లు; పది పదిహేను కిలోమీటర్లు దాటితే వినపడటం కష్టం. అవే పాటలు ఫోన్‌లో ఉండగా మనల్నెవరు వింటారు? పైగా కనీసం 50 శాతం కార్యక్రమాలు స్థానికంగా తయారు చేయాలని నిబంధన కూడా ఉంది. అంటే పూర్తి కాపీ కుదరదు.

ఎవరికి నప్పుతుంది: 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు ఉద్దానం రైతుకి కావాల్సింది హిట్ పాట కాదు, కూలిన కొబ్బరి తోట గురించి మాట. తప్పెటగుళ్లు, జముకుల కథ లాంటి ఇక్కడి జానపద కళలు కూడా మనమే వినిపించాలి.

ప్రకటనలే ఆదాయమైన ప్రైవేటు స్టేషన్ అయితే కాపీ పర్వాలేదు. కమ్యూనిటీ రేడియోకి సొంత దారే. విశాఖ నుంచి టైము తప్పకపోవడం మాత్రం నేర్చుకోండి.