వనపర్తిలో 1959 గిటార్: చూసినందుకే రెండు వేలు

వనపర్తిలో "రాజావారి బంగ్లా నుంచి వచ్చిన పాత అమెరికా గిటార్" ఉందంటూ మీకు వాట్సాప్‌లో ఫొటోలు వస్తే దయచేసి ఇంట్లోంచి కదలకండి. అమ్మే బ్రోకర్ తలుపు తీయడానికే రెండు వేలు తీసుకుంటాడు. కొన్నా కొనకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. రసీదు అడిగితే నవ్వాడు.

మా బావకు పాత గిటార్ల పిచ్చి. ఈసారి ఆయన్ని పట్టిన దయ్యం పేరు 1959 లెస్‌పాల్. అమెరికాలో కాలమజూ అనే ఊళ్లో గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 దాకా సన్‌బర్స్ట్ రంగులో (ఎరుపు నుంచి పసుపులోకి దిగే రంగు) చేసిన లెస్‌పాల్ గిటార్లు అన్నీ కలిపి పదిహేను వందల ప్రాంతంలో ఉంటాయంటారు. అప్పట్లో అంతగా అమ్ముడుపోక ఆ మోడల్‌ని ఆపేశారు. ఇప్పుడు ఒక్కొక్కటి లక్షల డాలర్లు పలుకుతోంది. మన బ్రోకర్ అడిగింది మాత్రం ఆరున్నర లక్షల రూపాయలు. "వాడికి దాని విలువ తెల్వదు, మనకు తెలుసు" అన్నాడు బావ. ఈ మాట ఎవరి నోట వచ్చినా పక్కవాళ్లు పర్సు పట్టుకోవాలి.

గద్వాల చీర ఇప్పిస్తానంటేనే అక్క కారెక్కింది. కొత్తకోట దగ్గర హైవే దిగి వనపర్తి చేరేదాకా చెప్పుకోదగ్గది ఏమీ లేదు. రానూపోనూ పెట్రోలు 2,900, టోల్ వేరు.

బ్రోకర్ ఇల్లు ఓ సందులో. గేటు బయటే ఫోన్‌పే స్కానర్ చూపించాడు. "ఊకె చూసిపోనీకి వచ్చెటోళ్లు ఎక్కువైండ్రు సార్, అందుకే చార్జీ పెట్టిన" అన్నాడు. బావ మారుమాట్లాడకుండా డబ్బు కట్టేశాడు. లోపలికెళ్లాక కథ మొదలైంది. రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్‌ని 1959లో నెహ్రూ ప్రారంభించారు కదా, ఆ రోజు వెంట వచ్చిన ఓ దొర ఈ గిటార్‌ని వదిలి వెళ్లాడట. పాలిటెక్నిక్ సంగతి నిజమే, ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. గిటార్ సంవత్సరం, కాలేజీ సంవత్సరం ఒక్కటే అయ్యేసరికి బావ కళ్లు మెరిశాయి. అక్క మాత్రం, "ఓపెనింగ్‌కు వచ్చెటోడు గిటార్ ఎందుకు తెచ్చుకుంటడయ్యా?" అంది. దానికి జవాబు రాలేదు, టీ వచ్చింది.

గిటార్ ముందు నుంచి బాగానే ఉంది. చెర్రీ ఎరుపు నుంచి పసుపులోకి దిగే రంగు, అక్కడక్కడా రాలిన పెయింటు. బావ దాన్ని తిప్పి పట్టుకుని హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పై చివర) వెనక వైపు చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. అక్కడ నంబరు చెక్కలోకి గుంటపడేలా నొక్కి ఉంది, దాని కింద "మేడ్ ఇన్ యూఎస్ఏ" అని కూడా ఉంది. 1959లో గిబ్సన్ వాళ్లు ఈ రకం గిటార్లకు నంబరు ఇంకుతో ముద్ర వేసేవాళ్లు, మొదటి అంకె 9 ఉండేది. చెక్కలోకి నొక్కడం 1960లలో వచ్చింది, ఆ మేడ్ ఇన్ యూఎస్ఏ ముద్ర 1970 ప్రాంతం నుంచి. ఇక ముందు వైపు, మెడ లోపలి రాడ్‌ని బిగించే చోట ఓ చిన్న మూత ఉంటుంది. గిబ్సన్‌కు అది రెండు స్క్రూలతో నిలుస్తుంది. దీనికి మూడున్నాయి. కంపెనీ పేరు ముత్యపు చిప్పతో పొదిగి ఉండాల్సింది, గోరు పెడితే అంచు లేచింది. స్టిక్కర్!

పాత గిటార్లకు వాడే నైట్రోసెల్యులోజ్ అనే మెరుపు పూత ఏళ్లు గడిచేకొద్దీ సన్నని గీతలుగా పగులుతుంది. కలెక్టర్లు ముందు వెతికేది ఆ గీతలనే. దీని మీద ఒక్క గీతా లేదు, పెయింటు రాలిన చోట్ల మాత్రం గరుకు కాగితంతో గీకిన ఆనవాళ్లు. ఇవన్నీ బావ ఒక్కొక్కటిగా చూపిస్తుంటే బ్రోకర్ ఏమాత్రం తొణకలేదు. "మీరు తెలిసినోళ్లు సార్, రెండు లచ్చలకు తీస్కపోండ్రి" అన్నాడు.

బేరం కుదరదని తేలాక లోపలికెళ్లి గోనెసంచిలో చుట్టిన ఇంకోటి తెచ్చాడు. కిన్నెర. ఆ ఇంట్లో అసలైన వస్తువు అదొక్కటే అని నా అనుమానం. వెదురు బొంగుకు మూడు సొరకాయ బుర్రలు, బొంగు మీద తేనెమైనంతో అంటించిన మెట్లు, అంటే స్వరం మార్చడానికి వేళ్లు ఆనించే బిళ్లలు. మైనం నల్లబడి, వేళ్లు ఆనే చోట నున్నగా అరిగి ఉంది. బావ తీగ మీటితే సన్నగా, కాస్త జీరగా పలికింది. ఆయన మొహంలో ఆ రోజు మొదటిసారి రంగు కనిపించింది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ పన్నెండు మెట్ల కిన్నెర వాయించినందుకే. అప్పటి నుంచి దీన్ని అడిగేవాళ్లు పెరిగారని బ్రోకరే చెప్పాడు. రేటు నలభై వేలు.

మెట్లు దగ్గరగా చూశాను. గోరు రంగులో, కొద్దిగా వంపు తిరిగిన పలుచని బిళ్లలు. అలుగు (పాంగోలిన్) అనే జంతువు పొలుసులు. పాత కిన్నెరలకు అవే వాడేవాళ్లు. కానీ అలుగు వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, దాని పొలుసులు కొనడం, అమ్మడం నేరం. ఫారెస్టు వాళ్లు పట్టుకుంటే ఆ నలభై వేలు వకీలు ఫీజుకు కూడా చాలవు. గిటార్లలోనూ ఇదే తంటా ఉంది. మార్టిన్ కంపెనీ పాత గిటార్లకు వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని 1992లో అంతర్జాతీయ నిషేధ జాబితాలో చేర్చారు, కాగితాలు లేకుండా దేశం దాటించలేరు. బావ ఇవన్నీ నాకంటే బాగా తెలిసినవాడే, అయినా "ఒక్కసారి ఆలోచిద్దాం" అంటాడు! అక్క లేచి నిలబడితే గానీ కదల్లేదు. కిన్నెర మీద నిజంగా మనసుంటే వాయించే కుటుంబాలనే కలిసి కొత్తది చేయించుకోండి, మెట్లకు ఇంకేదైనా వాడమనండి. డబ్బు చేరాల్సిన చోటికి చేరుతుంది.

ఇక లాడ్జి. బస్టాండ్‌కు దగ్గర్లో, ఏసీ గది 1,600 అన్నారు. బావ చేతిలో ఖాళీ గిటార్ కేసు చూసి కౌంటర్ మీది కుర్రాడు "ఆర్కెస్ట్రా పార్టీయా?" అని అడిగాడు. కాదంటే నమ్మలేదు. గోల చేస్తే కోసుకుంటామని 500 డిపాజిట్ కట్టించుకున్నాడు. కేసు తెరిచి ఖాళీగా ఉందని చూపిస్తే అనుమానం ఇంకా పెరిగింది, ఆధార్ రెండోసారి అడిగాడు. కరెంటు పోయిన గంటన్నరా జనరేటర్ ఫ్యానుకే పనిచేసింది, పొద్దున బిల్లులో మాత్రం "జనరేటర్ 200". వేడినీళ్లు బకెట్ 40. డిపాజిట్‌లో 300 తిరిగిచ్చాడు, మిగతా 200 దేనికంటే "టీవీ పెట్టిండ్రు కదా" అన్నాడు. రాత్రంతా బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు, అక్క వార్తలు చూసింది. అంతే గోల. వనపర్తిలో రాత్రి ఉండకండి, మహబూబ్‌నగర్ వెళ్లిపోండి.

గద్వాలలో పని గంటలో అయిపోయింది. అక్క చీర కొంగు పరిచి చూడలేదు, ముందు తిరగేసి నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోట వేలితో రాసి చూసింది. 9,200 చెప్పిన చీర 8,400కి ఇచ్చారు, బిల్లుతో సహా. కోటలో చెన్నకేశవ స్వామి గుడి చూశాం.

తిరుగు దారిలో హైవే పక్కన ఓ రేకుల షెడ్డు మెస్. మూడు జొన్నరొట్టెలు, నాటుకోడి పులుసు, పచ్చి ఉల్లిగడ్డ, 180 రూపాయలు. రొట్టెలు పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వచ్చాయి, వేళ్లు కాలాయి. పులుసులో కొబ్బరి, గసగసాలు నూరి వేశారు, కారం మాత్రం పాలమూరు కారమే. పొద్దున్నుంచి ముభావంగా ఉన్న బావ ఇంకో రెండు రొట్టెలు చెప్పాడు, విడిగా ఒక్కోటి 20. ఒంటిగంట లోపే వెళ్లండి, ఆ తర్వాత గుడ్డు కూరే మిగులుతుంది.