ఒక్కసారి పెట్టుకునే ఒట్టా, మెల్లగా పెరిగే నిబద్ధతా?

ఒక విలువకు జీవితాంతం కట్టుబడి ఉండాలంటే ఒక దారి, గట్టిగా ఒట్టు పెట్టుకోవడం. మొదట్లో ఊపు బాగానే ఉంటుంది. కానీ రోజూ మనసుతో పోట్లాడాలి, ఒక్కసారి తప్పితే అంతా పోయిందన్న టెన్షన్ మొదలవుతుంది.

రెండో దారి నెమ్మది. ఏదో చిన్న పనికి సరేనంటాం. అక్కడ కలిసినవాళ్లు ఇంకాస్త ముందుకు లాగుతారు. చూస్తుండగానే మనం కోరుకునేవే మారిపోతాయి. వర్జీనియా డర్‌నే చూడండి. అమెరికాలోని అలబామాలో, జాతి వివక్ష మామూలే అనుకుంటూ పెరిగారు. 1920ల్లో వెల్స్‌లీ కాలేజీలో నల్లజాతి విద్యార్థినితో ఒకే బల్ల దగ్గర భోంచేయమంటే ఎదురు తిరిగారు. కుదరదంటే కాలేజీ వదిలి వెళ్లాలన్నారు. ఆమె కూర్చున్నారు. తర్వాత పోల్ ట్యాక్స్ (ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను) రద్దు కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. 1955 డిసెంబరులో, బస్సులో తెల్లజాతి వ్యక్తికి సీటు ఇవ్వనన్నందుకు అరెస్టయిన నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను జైలు నుంచి విడిపించడానికి భర్తతో, నల్లజాతి హక్కుల నాయకుడు ఈ.డి. నిక్సన్‌తో కలిసి వెళ్లింది ఈవిడే!

మనస్తత్వవేత్తలు ఆన్ కోల్బీ, విలియమ్ డేమన్ ఇలాంటి 23 మందిని దగ్గరగా పరిశీలించి 1992లో ఫలితాలు ప్రచురించారు. తమకు కావాల్సింది, తాము చేయాల్సింది వాళ్ల దృష్టిలో దాదాపు ఒకటే.

అందుకే నా మొగ్గు రెండోదానికే. అయితే తాగుడు లాంటి అలవాటు మానాలంటే ఒట్టు కూడా కావాలి, పక్కన నిలబడే మనుషులతో పాటు.