వంశధార ఒడ్డున ఏది మేలు: కరకట్ట ఎత్తు పెంచడమా, ముందుగా కబురు అందడమా?

వంశధార ఒడ్డు ఊళ్లలో వరద మాట వస్తే ముందుగా అడిగేది కరకట్ట. అందులో తప్పు లేదు. పొట్టమీదున్న వరి రోజుల తరబడి నీళ్లలో నానితే ఏడాది కష్టం పోయినట్లే. ఎంత ముందుగా హెచ్చరించినా పొలాన్ని మెరకకు మోసుకుపోలేం. పంట విషయంలో కట్టదే పైచేయి.

ప్రాణాల దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. కొన్నేళ్లు నీరు రాకపోతే కట్ట పక్కనే ఇళ్లు, పశువుల పాకలు వెలుస్తాయి. అప్పుడు గండి పడితే, మెల్లగా పాకి రావాల్సిన నీరు ఒక్క ఉదుటున మీద పడుతుంది. ఊళ్లో కురిసిన వానకూ దారి మూసుకుపోతుంది. ఏరు నిండుగా ఉండగా తూము తలుపు ఎత్తితే ఏటి నీరే లోపలికి వస్తుంది.

గండి పడాలంటే నీరు కట్ట మీదుగా పొర్లాల్సిన పని లేదు. ఎలుక బొరియ చాలు. పోటెత్తిన రాత్రి కట్టకు ఊరివైపు అంచున టార్చి వేసి చూడండి. ఊట తేటగా ఉంటే కాపలా పెట్టాలి. బురద రంగు తిరిగిందంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. వెంటనే చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీరు కొంత నిలవనివ్వాలి. ఊటను బిగించి మూసేస్తే అది మరోచోట తన్నుకొస్తుంది. ఇలా కనిపెట్టుకునే మనుషులు లేని కట్ట ఎంత ఎత్తున్నా నాకు నమ్మకం లేదు.

ఇక కబురు సంగతి. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లలోనే కడలి చేరతాయి. ఇక్కడ ఎండ కాస్తుండగానే పైనుంచి వరద దిగవచ్చు. వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ నుంచి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారని ఫోనుకు సందేశం వస్తుంది. అది చూసి తన గుమ్మం మునుగుతుందో లేదో ఒక ముసలమ్మ ఎలా తేల్చుకుంటుంది? పాత వరదల ఆనవాళ్లతో సరిచూసి, ఎంత వదిలితే నీరు ఎక్కడికి వస్తుందో బడి గోడ మీద రంగు గీతలు గీయాలి. ఫోను ఒక్కటే చాలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, వంశధారకూ వరద వచ్చింది. చాటింపు మనిషి, బ్యాటరీ మైకు ఉండి తీరాలి.

మూడో దారి ఊరినే మెరకకు తరలించడం. ఏటి గర్భంలో ఇళ్లున్నవారికి అదే మేలు. మిగతావారికి పొలం దూరమైతే బతుకే దూరమవుతుంది.

నన్నడిగితే మొదటి రూపాయి కబురుకు, రెండోది ఉన్న కట్టల, తూముల మరమ్మతుకు. ఎత్తు పెంచడం ఆ తర్వాతే. కబురు అందినా కొందరు కదలరు, పశువులను వదిలి రాలేక. ఊరికొక మెరక దిబ్బ, దాని మీద నీడ, నాలుగు మోపుల ఎండుగడ్డి ఉంటే పలుపు విప్పి వాటిని తోలుకుని వాళ్లే ముందు బయల్దేరతారు.