డాబాకు తెల్ల కోటింగ్: ఏడేళ్ళు వాడాక

ఉప్పల్‌లో మా ఇల్లు కట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పైన 1,100 చదరపు అడుగుల డాబా. 2018 ఏప్రిల్లో దాని మీద తెల్లటి ఎలాస్టోమెరిక్ (ఆరాక రబ్బరులా సాగే) కోటింగ్ రెండు చేతులు, అంటే రెండు పూతలు, వేయించాం, 20 లీటర్ల బకెట్లు మూడు పట్టాయి. వేయించాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు వేడి సంగతి. ఇది నిజంగా పనిచేస్తుంది. అంతకుముందు మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా సీలింగ్ నుంచి సెగ దిగేది, అమ్మ ఆ గదిలో పడుకోలేక కింది హాల్లోకి వచ్చేసేది. కోటింగ్ వేసిన ఎండాకాలం నుంచి తన గదిలోనే పడుకుంటోంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. కాకపోతే దుమ్ము పట్టి తెలుపు మాసేకొద్దీ ఆ చల్లదనమూ తగ్గుతుంది, ఏటా మార్చిలో సబ్బునీళ్ళు పోసి మెత్తటి చీపురుతో కడగాల్సిందే. తడిసినప్పుడు మాత్రం బాగా జారుతుంది, పెద్దవాళ్ళున్న ఇంట్లో జాగ్రత్త.

లీకేజీ విషయంలో నాకు తగిలిన దెబ్బ వేరు. రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేదు, నేనూ డాబా ఎక్కి చూడలేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన గుర్తుందిగా, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. ఆ రాత్రి వాన నీళ్ళ పైపు మూతి ఆకులతో, పావురాల ఈకలతో మూసుకుపోయి డాబా మీద నీళ్ళు నిలిచిపోయాయి. మూడో రోజుకి బెడ్రూమ్ సీలింగ్ చెమ్మగిల్లింది. వేసినవాళ్ళకి ఫోన్ చేస్తే నీళ్ళు నిలిచి కారితే వారంటీ కిందకి రాదన్నారు. కోపం వచ్చింది గానీ, ఇలాంటి అక్రిలిక్ కోటింగులు రోజుల తరబడి నిలిచిన నీటిని తట్టుకోలేవన్నది నిజమే, వేసేముందు ఆ మాట చెప్పి ఉండాల్సింది.

తర్వాత వచ్చిన మేస్త్రీ డబ్బాల ఊసే ఎత్తలేదు. రెండు బకెట్ల నీళ్ళు పోయించి, "రంగు తర్వాత సార్, ముందుగాల నీళ్ళు యేడ ఆగుతున్నయో సూడుండ్రి" అన్నాడు. చూస్తే ట్యాంకు పక్కన పళ్ళెంలా గుంట. సీలింగ్ మీద మరక మాత్రం అక్కడికి ఆరడుగుల దూరంలో ఉంది, ఎందుకంటే లోపలికి దిగిన నీళ్ళు స్లాబులో ఎటు దారి దొరికితే అటు పోతాయి, మరకకి సరిగ్గా పైన తవ్వించి లాభం లేదు. 2021 ఫిబ్రవరిలో ఆ గుంట పూడ్పించి పైపు వైపు వాలు తీయించాం. పిట్టగోడ, స్లాబ్ కలిసే మూల పొడుగునా గోలా (సిమెంటుతో కట్టే గుండ్రటి వాలు) మళ్ళీ కట్టించి, పగుళ్ళు కాస్త వెడల్పు చేసి సీలెంట్ నింపి, మూలల్లో ఫైబర్ మెష్ పరిచి, అప్పుడు కోటింగ్ వేయించాం. రెండు రోజులు నీళ్ళు నిలిపి చూశాకే మేస్త్రీకి పూర్తి డబ్బులిచ్చాను. అప్పటినుంచి ఒక్క చుక్క కారలేదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. వానాకాలమంతా వారానికోసారి పైపు మూతి దగ్గరి జాలీ శుభ్రం చేస్తాను, పెద్ద వాన పడ్డ మర్నాడు ఎక్కడైనా నీళ్ళు నిలిచాయేమో చూస్తాను. అక్టోబర్లో రావి మొక్కల కోసం పిట్టగోడ వెంట తిరుగుతాను. కాడ తుంపితే చాలదు, వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తుంది, అవసరమైతే ప్లాస్టరింగ్ పగలగొట్టయినా వేరు తీయాలి. సంక్రాంతికి పతంగులు ఎగరేసే పిల్లలు పూలకుండీలు లాగకుండా చూసుకుంటాం, ఆ గీతల దగ్గరే కోటింగ్ లేస్తుంది. కుండీలన్నీ ఇటుకల మీద ఎత్తులో పెట్టాం. రిపేర్లేమైనా ఉంటే ఫిబ్రవరి, మార్చిలోనే, స్లాబ్ పూర్తిగా ఆరి ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న స్లాబ్ మీద వేస్తే బుడగలొస్తాయి, మా మెట్ల గది పక్కన అలాగే అయింది.

డిష్ యాంటెన్నా కోసం స్లాబుకి బోల్టులు కొడతామంటే ఒప్పుకోవద్దు. మేం పిట్టగోడకి బిగించమన్నాం.

మొత్తమ్మీద మళ్ళీ ఇదే కోటింగ్ వేయిస్తాను, కానీ వాలు సరిచేయించాకే. ఎండ బాగా తగిలేచోట పోయినేడు ఇంకో చేయి వేయించాను. ట్యాంకు కింద మాత్రం మిగిలింది. దాన్ని ఖాళీ చేసి నలుగురు కలిసి జరిపితే తప్ప అక్కడికి బ్రష్ పోదు, వచ్చే ఫిబ్రవరికి పెట్టుకున్నాం ఆ పని.