మా అత్తయ్య కోసం పెట్టుకున్న హోమ్ కేర్ సర్వీస్: నా రివ్యూ

పక్షవాతం వచ్చాక మా అత్తయ్యకు కుడి పక్క సరిగా పనిచెయ్యట్లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పటి నుంచీ ఒక హోమ్ కేర్ ఏజెన్సీ మనిషే చూసుకుంటోంది. ఏజెన్సీ పేరు రాయను. ఐదుకి మూడున్నర స్టార్లు ఇస్తాను.

మనిషిని పంపే ముందు వాళ్ల సూపర్‌వైజర్ వచ్చి మాతో కాకుండా అత్తయ్యతోనే కూర్చుని మాట్లాడింది. అది నాకు నచ్చింది. స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, టాయిలెట్‌కి వెళ్లిరావడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం: వీటిలో ఏవి సొంతంగా చేసుకోగలరో రాసుకుంది. లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్ (సొంత పనులు చేసుకోలేని స్థితి వస్తే చూసుకునే మనిషి ఖర్చు ఇచ్చే బీమా) వాళ్లు చూసేదీ ఈ ఆరే. చాలా పాలసీల్లో డబ్బు రావాలంటే వీటిలో రెండింటికైనా ఇంకొకరి సాయం అవసరమై ఉండాలి, లేదంటే మతిమరుపు జబ్బు బాగా ముదిరి ఉండాలి. అప్పుడు కూడా 90 రోజుల్లాంటి వెయిటింగ్ పీరియడ్ దాటేదాకా ఖర్చు మనదే. జబ్బు పడ్డాక ఆ పాలసీ దొరకడం కష్టం, అందుకే అత్తయ్యకు ఆ దారి లేదు. మా ఆయనకీ నాకూ మాత్రం ఇప్పుడే వివరాలు తెప్పించాను. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీన్ని తప్పనిసరి ఇన్సూరెన్స్‌గా పెట్టేశాయి. అలాంటిది లేనిచోట ఎవరి తంటాలు వాళ్లవి.

వచ్చిన అమ్మాయి పనికి వంక పెట్టలేం. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంది, మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు పెడుతుంది. లేపేటప్పుడు చచ్చుబడ్డ చెయ్యి పట్టుకుని అస్సలు లాగదు. "అమ్మమ్మా, ఎడమ కాలు గట్టిగా ఆనించండి" అంటూ అత్తయ్య చేతే సగం పని చేయిస్తుంది.

పేచీ అంతా ఆఫీసుతోనే. "24 గంటల కేర్" అని అమ్మారు. ఒక్క మనిషి ఇంట్లో ఉంటే 24 గంటలు ఎలా అవుతుంది? ఆ పిల్ల నిద్రపోవద్దూ? రాత్రంతా మెలకువగా చూడాలంటే ఇద్దరు షిఫ్టుల్లో ఉండాలి, బిల్లూ దాదాపు రెట్టింపు. ఈ సంగతి సంతకం పెట్టాక చెప్పారు. ఆమె సెలవు పెట్టిన రోజు బదులు మనిషి మధ్యాహ్నానికి గానీ రాలేదు, అత్తయ్య గురించి ఒక్క ముక్క కూడా చెప్పి పంపలేదు.

ఇంకోటి, అటెండెంట్‌కీ నర్సుకీ తేడా గట్టిగా అడగండి. ఇంజెక్షన్, కేథటర్ (మూత్రం గొట్టం) మార్చడం, పుండుకి డ్రెస్సింగ్ నర్సు పనులు. స్నానానికీ తిండికీ నర్సు రేటు కట్టక్కర్లేదు. మామూలు హెల్త్ పాలసీ వైద్యానికి ఇస్తుంది గానీ రోజూ స్నానం చేయించే మనిషి జీతం సాధారణంగా ఇవ్వదు. పేషెంట్ మళ్లీ ఆసుపత్రిలో చేరితే ఆ రోజులకు బిల్లు ఆగుతుందా, అడ్వాన్స్ వెనక్కి వస్తుందా అన్నవి కాగితం మీద రాయించుకోండి. మాకు ఫోన్లో "చూద్దాం మేడమ్" అన్న మాటే దక్కింది.

ప్రస్తుతానికి పగలు మాత్రమే మనిషిని ఉంచుకుని రాత్రులు మేమిద్దరం వంతులేసుకుంటున్నాం. రాత్రికీ మనిషి కావాల్సివస్తే గంటల లెక్కన కట్టేకంటే కేర్ హోమ్ నెల ఫీజే తక్కువ పడొచ్చు. ఆ ఫీజులో డైపర్లు, ఫిజియోథెరపీ కలిసే ఉంటాయా, విడిగా వేస్తారా అని రెండు చోట్ల రాతపూర్వకంగా అడిగాను. ఒక్కరే జవాబిచ్చారు.