తళతళలాడే కొత్త ఫిల్మ్ చూసి వాడిన గ్లైడర్ కొనకండి

వాడిన ఆర్‌సీ గ్లైడర్ (రిమోట్‌తో ఎగరేసే, ఇంజను లేని బొమ్మ విమానం) కోసం వెతుకుతున్నవాళ్లు, ముఖ్యంగా నలుగురూ తలా కొంత వేసుకుని క్లబ్బుకి కొందామనుకుంటున్నవాళ్లు, డబ్బు పంపేముందు ఇది ఒక్కసారి చదవండి. మేం 8 మందిమి మనిషికి 5,000 చొప్పున వేసుకుని 40,000 రూపాయలకి కొన్న గ్లైడర్, గాల్లో ఉండగానే కుడి రెక్క విరిగి కూలిపోయింది. ఆ రెక్క మా చేతికి రాకముందే ఒకసారి విరిగింది. విరిగిన చోటు కనబడకుండా పైన కొత్త ఫిల్మ్ (వేడికి రెక్కకి అంటుకునే పలచటి ప్లాస్టిక్ పొర) ఇస్త్రీ చేసి మాకు అంటగట్టారు.

మాది కోనసీమ. అమలాపురం, అంబాజీపేట, ముమ్మిడివరం చుట్టుపక్కలవాళ్లం. పెద్ద గ్లైడర్ సొంతంగా కొనుక్కునే స్తోమత ఒక్కడికీ లేదు, అందుకే ఉమ్మడిగా కొన్నాం. మాకిక్కడ కొండలూ గుట్టలూ లేవు. దాళ్వా కోతలై, కాలువలు కట్టేసి, చేలు ఎండాక, అంటే ఏప్రిల్ ఆఖరు నుంచి తొలకరి దాకానే మా సీజను. చేలో మేకు పాతి, దానికి 30 మీటర్ల రబ్బరు ట్యూబు, ఆ ట్యూబుకి 100 మీటర్ల నైలాన్ తాడు కడతాం. గ్లైడర్‌ని తాడుకి తగిలించి, వెనక్కి నడుచుకుంటూ లాగి వదిలితే గాలిపటంలా నిటారుగా లేస్తుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 120 మీటర్లు దాటకూడదు, మేం ఆ లోపే ఉంటాం. పైకి వెళ్లాక గద్ద ఎక్కడ తిరుగుతోందో చూసుకుని అటు తిప్పుతాం. గద్ద రెక్క ఆడించకుండా పైపైకి పోతోందంటే అక్కడ వేడిగాలి లేస్తున్నట్టే. మధ్యాహ్నం సముద్రం గాలి తిరగకముందే దింపేస్తాం.

ఆ ప్రకటన మార్చిలో చూశాం. 3.6 మీటర్ల రెక్కలు, బాల్సా అనే తేలిక కర్రతో నిర్మాణం, ఎరుపూ పసుపూ రంగులు. ‘నాలుగు సార్లే ఎగిరింది, ఒక్క క్రాష్ కూడా లేదు, అర్జంటుగా డబ్బు అవసరమై ఇచ్చేస్తున్నా’ అని రాశాడు అమ్మేవాడు. ఫొటోలు ఆరు పెట్టాడు, ఆరూ పైనుంచి తీసినవే. రెక్క మొదలు దగ్గర, రెండు సగాలూ కలిసే చోట తీసిన ఫొటో ఒక్కటీ లేదు. ఎగురుతున్న వీడియో అడిగితే పంపాడు, అది ఎప్పటిదో మేం అడగలేదు. మొత్తం డబ్బు ముందే ఫోన్‌లో పంపేశాం. బస్సు పార్సిల్లో పెట్టె వచ్చిన రోజు పెళ్లిసారె విప్పినట్టు అందరం చుట్టూ చేరాం. కుడి సగం చేతికి కొంచెం బరువుగా తగిలింది నాకు. రెండు రంగుల ఫిల్మ్ ఒకదానిమీద ఒకటి పడిందేమోలే అనుకుని ఊరుకున్నాను. ఆరోజే కొబ్బరి కొట్లోని చిన్న కాటా మీద పెట్టి ఉంటే, ఎడమదానికంటే అది 34 గ్రాములు ఎక్కువని తెలిసేది.

మే రెండో వారంలో, ముమ్మిడివరం దగ్గర చేలో, పొద్దున పదిన్నరకి అది కూలింది. తాడు లాగి వదిలాం. 50, 60 మీటర్ల ఎత్తుకి పోయేసరికి ‘ఫట్’మని వినబడింది, ఎండిన కొబ్బరిమట్ట విరిచినట్టు. కుడి రెక్క మొదలుకి రెండు జానల అవతల పైకి మడిచిన చెయ్యిలా లేచి, ఫిల్మ్ పట్టుకుని వేలాడింది. మిగతాదంతా గిరగిరా తిరుగుతూ వచ్చి గట్టు మీద పడింది. ఆ గట్టుకి పదిహేను అడుగుల్లో, చూడ్డానికొచ్చిన ఇద్దరు చిన్నపిల్లలు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. దాని బరువు 2 కిలోల 200 గ్రాములు. ముక్కులో బ్యాటరీ, ఇనుప ముక్క ఉంటాయి. నేనీ పోస్టు రాస్తున్నది ఆ 40,000 కోసం కాదండీ, ఆ పదిహేను అడుగులు నాకింకా కళ్లముందు కనబడుతున్నాయి.

ఇంటికి తెచ్చి ఫిల్మ్ అంతా ఒలిచాం. మాలో ఒకాయన బంధువు తాళ్లరేవులో కర్ర పడవలు కట్టే వడ్రంగి, ఆయన్ని పిలిపించాం. జీవితంలో గ్లైడర్ పట్టుకోలేదాయన. రెక్కని మంచం మీద పెట్టుకుని, కళ్లజోడు పైకి నెట్టి, గోటితో గీరి, నిమిషంలో చెప్పేశాడు: ‘ఆయ్, ఇది అతుకు కాదండీ బాబూ, బంక పూసి ఆనించేడంతే. పడవ పలక ఇలా అతికితే మొగ దాటదు.’ మొగ అంటే గోదారి సముద్రంలో కలిసే చోటు.

రెక్కలో పొడుగునా ఉండే స్పార్ అంటే పెంకుటింటికి వెన్నుగాడి లాంటిది. మా గ్లైడర్‌లో పైన ఒకటి, కింద ఒకటి స్ప్రూస్ కర్ర బద్దలు, 10 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం. రెండింటి మధ్యా పలచటి బాల్సా పలకలు, వాటిని వెబ్ అంటారు. రెక్క పైకి వంగినప్పుడు పై బద్ద నలుగుతుంది, కింది బద్ద సాగుతుంది. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జారిపోకుండా పట్టుకునేది మధ్యలో వెబ్. అందుకే వెబ్‌లో కర్ర ఈనె (నారల వరస) నిలువుగా ఉండాలి. రెక్క మొదలు దగ్గర ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ, అందులోనూ రబ్బరు తాడుతో పైకి లాగేటప్పుడు మరీ ఎక్కువ.

మా రెక్కలో పై బద్ద అడ్డంగా తెగి ఉంది. తెగిన రెండు మొనలూ తలకి తల ఆనించి, ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ అనే బంక వేసి వదిలేశాడు అమ్మినవాడు. సరైన అతుకైతే రెండు మొనలూ ఏటవాలుగా చెక్కాలి, మందానికి కనీసం 12 రెట్లు పొడుగున. 4 మిల్లీమీటర్ల బద్దకి దాదాపు 5 సెంటీమీటర్ల ఏటవాలు అన్నమాట. అంత పొడుగున బంక పడితేనే లాగినా నొక్కినా ఆగుతుంది. రెక్కకి అడ్డంగా పక్కటెముకల్లా ఉండే పలకలు రిబ్బులు, రెండు రిబ్బుల మధ్య ఖాళీని గది అంటాం. అలాంటి రెండు గదుల్లో వెబ్ అసలు లేదు. మూడో గదిలో పెట్టిన ముక్కకి ఈనె అడ్డంగా ఉంది. పైన బాల్సా షీటు పగిలినచోట పుట్టీ మెత్తి, గీకి, నునుపు చేసి, దానిమీద ఎర్ర ఫిల్మ్ లాగాడు. ఆ 34 గ్రాములూ బంకా పుట్టీనే. చేతకాక ఇలా చేశాడనుకోవడానికి కూడా లేదు. పైన నునుపు చేసిన పనితనం చూస్తే ఎంతో ఓపిగ్గా చేశాడు. ఆ ఓపికలో సగం స్పార్ మీద పెట్టి ఉంటే రెక్క నిలిచేది.

అమ్మినవాడికి ఫొటోలు పంపాం. మొదట ‘మీకు ఎగరేయడం రాక కూల్చుకున్నారు’ అన్నాడు. తెగిన మొన దగ్గర పాత బంక పసుపు రంగుకి తిరిగింది, విరిగిన కొత్త కర్ర తెల్లగా ఉంది, రెండూ ఒకే ఫొటోలో పెట్టి మళ్లీ పంపాం. అప్పుడు 5,000 ఇస్తాను, ఎక్కడా రాయొద్దన్నాడు. ఒప్పుకోలేదు. ఆ తర్వాత నంబరు బ్లాక్ చేశాడు. అతని పేరు ఇక్కడ రాయను. పేరు మార్చుకుని ఇంకో నంబరుతో రావడం ఎంతసేపు. వస్తువుని చూసి పట్టుకునే తీరు చెబుతాను, అది ఎవరి దగ్గర కొన్నా పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు కాటా. రెండు సగాలూ విడివిడిగా తూకం వేసి, అంకె కనబడేలా ఫొటో పంపమనండి. అయిదారు గ్రాముల తేడా చేతిపనిలో మామూలే. 20, 30 గ్రాములుంటే లోపల ఏదో జరిగింది, ఏం జరిగిందో చెప్పేదాకా కదలకండి. తర్వాత వెలుతురు. లేతరంగు ఫిల్మ్ అయితే చీకటి గదిలో రెక్క కింద టార్చి పెట్టి చూడండి. రిబ్బులు, స్పార్, వెబ్ గదులు ఎక్స్‌రేలో ఎముకల్లా కనబడతాయి. ముద్దగా నల్లటి మచ్చ కనబడితే అది బంకో పుట్టీయో. ముదురు రంగైతే వెలుతురు దాటదు, అప్పుడు చెవే దిక్కు. రూపాయి బిళ్లతో మొదలు నుంచి చివరిదాకా బెత్తెడు బెత్తెడు దూరంలో మెల్లిగా కొడుతూ వెళ్లండి. ఒకే తీరున ‘టక్ టక్’మని వస్తూ వస్తూ ఒకచోట ‘ధబ్’మంటే అక్కడ ఆగండి. మా రెక్కలో మిగిలిన భాగం మీద తర్వాత కొట్టి చూశాం, పుట్టీ ఉన్నచోట చెవిటివాడికైనా తేడా తెలుస్తుంది.

ఎదురుగా చూసి కొనే వీలుంటే మొదలు ఒకరు పట్టుకోండి, చివర ఇంకొకరు పట్టుకుని కొద్దిగా పైకి వంచి, ఆపైన మెలితిప్పి చూడండి. ఫిల్మ్ మీద ఒకేచోట ఏటవాలుగా ముడతలు పుట్టి, వదలగానే మాయమవుతుంటే ఆ గదిలో లోపలి బలం పోయినట్టు. రెండో సగంతో పోల్చి చూసుకుంటే ఇంకా తేలిక. ఇవన్నీ అయ్యాక కూడా మొదలు దగ్గర ఒక జానెడు ఫిల్మ్ ఒలిచి చూపించమని అడగండి. ఆ ముక్క మళ్లీ వేసుకోవడానికి వంద, రెండొందల ఫిల్మ్ ఖర్చు, ఆ డబ్బు మీరే ఇస్తామనండి. నిజంగా క్రాష్ కానిదైతే వద్దనడానికి కారణమే ఉండదు. ‘నాలుగుసార్లే ఎగిరింది’ అనే వస్తువుకి ఫిల్మ్ ఎందుకు కొత్తగా వేశారని అడగడం కూడా మర్చిపోకండి. ఆ ఒక్క ప్రశ్న మేం అడగలేదు.

రిపేరు చేసిన రెక్క కొనొద్దని నేననడం లేదు. చెప్పి, చూపించి, ధర తగ్గించి అమ్మితే నేనే కొంటాను. దాచి అమ్మేవాడి దగ్గర మాత్రం వద్దు.

మా వైపు తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే మీకు సగమే తెలుస్తుంది. కూలిన రోజు పొద్దున్నే వచ్చి, టిఫిను చేసొచ్చేదాకా గంటసేపు రెక్కల్ని అద్దాలు మూసిన కారులో, మే ఎండలో ఉంచాం. ఆ రకం ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది. మంచి అతుకైతే ఆ గంట తట్టుకునేదేమో, ఇది తట్టుకోలేదు. ఇంకోటి, రెండు వారాల ముందు మాలో చిన్నవాడు దింపేటప్పుడు రెక్క చివర గట్టుకి తగిలిందట. రిపేరు ఖర్చు తన మీద పడుతుందని భయపడి ఎవరికీ చెప్పలేదు. కూలాక ఏడుస్తూ చెప్పాడు. వాడు ఆరోజే చెప్పి ఉంటే ఫిల్మ్ ఒలిచేవాళ్లం, అప్పుడే అంతా బయటపడేది. వాడి మీద కోపం రాలేదు నాకు. అలా భయపడేటట్టు రూలు పెట్టింది మేమే. ‘ఎవరు పాడుచేస్తే వాళ్లే బాగుచేయించాలి’ అని మొదటి మీటింగులో అనుకున్నాం. ఇప్పుడు ఆ రూలు తీసేశాం. నెలకి మనిషికి 200 రిపేరు నిధికి. దెబ్బ తగిలిందని చెప్పినవాడు తన జేబులోంచి రూపాయి పెట్టక్కర్లేదు. పెట్టె మూతకి లోపల పుస్తకం కట్టాం. తేదీ, ఎవరు ఎగరేశారు, ఎన్నిసార్లు లేచింది, ఎలా దిగింది రాసి సంతకం పెట్టాకే పెట్టె మూస్తాం.

మనుషులెక్కే గ్లైడర్లకీ ఇదే గండం. 2010 జూన్ 12న ఆస్ట్రియాలో ఎల్-13 బ్లానిక్ అనే గ్లైడర్‌కి గాల్లోనే రెక్క ఊడి అందులోని ఇద్దరూ చనిపోయారు. ఎన్నో దేశాల్లో క్లబ్బులు శిక్షణకి వాడే లోహపు గ్లైడర్ అది. స్పార్‌లో లోహం అలిసి పగులు పుట్టిందని తేలింది. ఆ రకం గ్లైడర్లన్నిటినీ ప్రపంచమంతా నేలమీద ఆపేశారు. పదిమంది చేతులు మారే వస్తువు మీద ఏ దెబ్బ ఎప్పుడు పడిందో రాసిపెట్టుకోకపోతే, లోపల ఏం నడుస్తోందో ఎవరికీ తెలియదు.

మా రెక్క మళ్లీ కట్టుకున్నాం. తాళ్లరేవు ఆయన ఏటవాలు చెక్కడం నేర్పాడు. స్ప్రూస్ బద్దలు తెప్పించి, 5 సెంటీమీటర్ల అతుకు వేసి, నిదానంగా గట్టిపడే ఎపాక్సీతో బిగించి, ఒక రోజంతా కదపలేదు. వెబ్ ముక్కలన్నీ ఈనె నిలువుగా పెట్టి కొత్తగా వేశాం. ఎడమ చివర చిన్న సీసం ముక్క అతికి రెండు సగాలూ సమం చేశాం. తర్వాత రెక్కని తలకిందులుగా మధ్యలో స్టూలు మీద ఆనించి, గోదావరి ఇసుక చిన్న గుడ్డ సంచుల్లో పోసి, సగానికి 9 కిలోల చొప్పున మొదలు నుంచి చివరిదాకా సర్దాం. మొదలు దగ్గర ఎక్కువ, చివర తక్కువ. చిటపటమంటే తీసేద్దామని అందరం చెవులు దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. వంగింది గానీ చప్పుడు రాలేదు. సంచులు తీయగానే మళ్లీ మామూలుగా నిలిచింది.

వానాకాలంలో ఇక్కడి చెమ్మకి బాల్సా బూజు పడుతుంది. అందుకని రెక్కల్ని గుడ్డ తొడుగుల్లో పెట్టి, నేలకి తగలకుండా, రెండుచోట్ల పట్టీలతో అటక దూలానికి వేలాడదీశాం. ప్లాస్టిక్ సంచిలో మాత్రం చుట్టకండి, లోపలే చెమర్చుతుంది. ఎలకలు, చెదలు చూసుకోవడానికి వారానికొకరి వంతు.

అతుకు ఉన్నచోట ఈసారి రంగు ఫిల్మ్ వేయలేదు, పారదర్శకంగా ఉండేది వేశాం. ఎగరేసే ప్రతివాడూ ముందు అక్కడ చూసే తాడు తగిలిస్తాడు. ఆ అమ్మకం ప్రకటనలోని ఆరు ఫొటోలూ, ఒలిచాక తీసిన ఫొటోలూ మా దగ్గర ఉన్నాయి. ఎరుపూ పసుపూ రంగుల్లో, ‘నాలుగుసార్లే ఎగిరింది’ అంటూ మీకెవరైనా గ్లైడర్ చూపిస్తుంటే డబ్బు పంపకముందే ఇక్కడ అడగండి, పక్కన పెట్టి పోల్చి చెబుతాం. కోనసీమ దాకా రాగలిగితే వస్తువు పట్టుకొచ్చేయండి. కాటా, టార్చి, ఇసుక సంచులు మా దగ్గరున్నాయి.